బాపు ఎడమ చెయ్యి

ఆ చలికాలం మొదట్లో, మా ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో పనికిరాదని పక్కన పడేసిన ఒక కాగితం వెనక నేను రాసుకున్న పనులు ఇవి:

ఒకటి, బాపుకు ఈసీజీ తీయించాలి.
రెండు, హెల్మెట్, వెనక పెట్టే ఎర్ర లైటు.
మూడు, గుండె ఎంత కొట్టుకుంటున్నదో చూపించే మిషన్. రెండు వేలు దాటొద్దు.
నాలుగు, జనవరి పదిహేను లోపల డాక్టరమ్మ సంతకం.
ఐదు, అమ్మను ఒప్పించాలి.

నిజానికి ఐదోదే మొదట రాయాల్సింది. భయమై చివరికి నెట్టాను.

మాది తొండుపల్లి, విమానాశ్రయం గోడకు ఇవతల. మా బాపు కుర్మయ్య పద్దెనిమిదేళ్లు ఇక్కడి నుంచి అత్తాపూర్ దాకా సైకిల్ మీద పాలు పోసిన మనిషి. పాకెట్ పాలు వచ్చాక బర్రెలను అమ్మేసి, ఎయిర్‌పోర్టు రోడ్డు పొంటి చెట్లకు నీళ్లు పెట్టే పనిలో చేరాడు. సైకిల్ మాత్రం విడవలేదు. దీపావళికి ముందు ఒక ఆదివారం పొద్దున, సిటీ నుంచి వచ్చిన సైకిల్ గుంపు సర్వీస్ రోడ్డు ఎత్తు మీద ఒగరుస్తుంటే, బాపు క్యారియర్ మీద పార, నీళ్ల గొట్టం చుట్ట పెట్టుకుని "జర పక్కకు జరుగు బిడ్డా" అంటూ వాళ్లను దాటిపోయాడు.

ఆ గుంపును నడిపించేది షుజాత్ భాయ్. శంషాబాద్ బస్టాండు వెనక సైకిళ్ల దుకాణం ఆయనది. వారం తిరగకముందే పాత సామాన్లన్నీ జోడించి సన్న టైర్ల రోడ్డు సైకిల్ ఒకటి తయారు చేసి మా ఇంటికి తెచ్చాడు. "కుర్మయ్యన్నా, జనవరి ఆఖర్ల రెండు వందల కిలోమీటర్ల రైడ్ ఉన్నది. దేవరకద్ర దాకా పోవాలె, తిరిగి రావాలె. పదమూడున్నర గంటల టైం. నువ్వు పది గంటలల్ల కొడ్తవు, కసమ్" అన్నాడు.

బాపు ఆ సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నవ్వాడు. యాభై ఆరేళ్ల మనిషి అట్లా నవ్వడం నేను చూడలేదు.

అమ్మ నవ్వలేదు. వంటింటి గడపలోనే నిలబడింది. పోయిన ఎండాకాలం మా చిన్నాయన రాజయ్య, బాపు కన్నా నాలుగేళ్లు చిన్న, చాయ్ తాగుతూ తాగుతూ కూర్చున్న చోటనే ఒరిగిపోయాడు. గుండె. గ్లాసు కూడా పగల్లేదు, ఒళ్లోనే పడింది.

"రాజయ్యకు రెండు వందల కిలోమీటర్లు అక్కెర రాలే" అన్నది అమ్మ. "కుర్చీల గూసొనే పోయిండు. నువ్వు సైకిల్ మీద పోతవా?"

"నాకేమైంది భాగ్యా? గుండ్రాయి లెక్క ఉన్న."

"ఆయన గూడ గదే మాటన్నడు."

రైడ్ వాళ్లు యాభై దాటిన వాళ్లను డాక్టర్ సంతకం అడుగుతారు. అది దొరికితే చూద్దామని ఇద్దరికీ నేనే మధ్యస్తం చేశాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కడినే. కరెంటు బిల్లు దగ్గర్నుంచి పాస్‌బుక్కు దాకా కాగితం ఏదైనా నా చేతికే వస్తుంది. ఇదీ వచ్చింది.

డాక్టర్ మాధవీలత గారు ఈసీజీ వెలుతురుకు పట్టి చూశారు. "కూర్చున్నప్పుడు బాగానే ఉందండీ. కానీ కుటుంబంలో ఒకరు పోయారంటున్నారు కదా. తొక్కేటప్పుడు గుండె ఎలా ఉంటోందో నాకు తెలియాలి. నూట ముప్పై దాటకూడదు. ఛాతీలో బిగపట్టినట్టున్నా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపి నా దగ్గరికి రావాలి. ఆరు వారాలు రోజూ రాసి తీసుకురండి. అప్పుడు ఆలోచిస్తాను."

"సంతకం పెడతరా మేడం?" అన్నాడు బాపు.

"ఆలోచిస్తానన్నాను" అన్నారు ఆమె.

మూడో పని, ఆ గుండె మిషన్ కోసం నేను పరీక్షకు చదివినట్టు చదివాను. డ్యూటీ బస్సులో పోతూ వస్తూ ఫోన్‌లో కొన్నవాళ్ల అభిప్రాయాలు చదవడం, నోట్‌బుక్కులో గీతలు గీసి రాసుకోవడం. మూడు రకాలున్నాయి. ఛాతీకి కట్టే బెల్టు: లెక్క కచ్చితం, కానీ అంకె చూడాలంటే ఫోనో, సైకిల్ మీద పెట్టే చిన్న మీటరో వేరే కావాలి. మోచేతి పైన కట్టే పట్టీ: మంచిదే, ధర అందదు. చేతి గడియారం: అడుగున ఆకుపచ్చ లైటు వెలిగి, చర్మం కింద నెత్తురు పారేది చూసి లెక్కగడుతుంది. అంకె ఎదురుగా కనిపిస్తుంది. పద్దెనిమిది వందల చిల్లర.

షుజాత్ భాయ్ దుకాణానికి వెళ్తే ఆయన సొరుగులోంచి నల్ల బెల్టు ఒకటి తీశాడు. తను నాలుగేళ్లుగా వాడుతున్నది. చెమటకు రంగు పోయి, అంచుల్లో పోగులు లేచాయి.

"ఇది తీస్కపో శివా. పైసలొద్దు. జర నీళ్లతోని తడిపి కట్టాలె, అంతే. అబద్ధం చెప్పదు."

"వద్దు భాయ్, కొత్తది చూస్తున్న."

"కొత్తదా? చేతి గడియారమా? అవి నాజూకు చేతులకు మంచిగ చెప్తయ్. మీ బాపు చెయ్యి చూసినవా, కానుగ మొద్దు లెక్కుంటది."

నవ్వి వచ్చేశాను. ఇంకొకరి చెమట పట్టిన బెల్టు నా సంపాదన ఉండగా బాపు ఎందుకు కట్టుకోవాలి అనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. అది షుజాత్ భాయ్‌కి చెప్పలేదు.

బాపు ఎడమ మణికట్టు మీద ఒక గడియారం ఉంది. పచ్చబొట్టు గడియారం. పదేళ్లప్పుడు జాతరలో పొడిపించుకున్నాడట. గుండ్రటి డయలు, లోపల ముద్దగా నింపిన ఆకుపచ్చ, చుట్టూ పట్టీ గీతలు, ముళ్లు పదీ పది దగ్గర. కొనే తాహతు లేని పిల్లలు అప్పట్లో అట్లా పొడిపించుకునేవారట. చిన్నప్పుడు నేను టైం అడిగితే ఆ చెయ్యే చూపించేవాడు. "పదీ పది అయింది బిడ్డా, బడికి టైమైంది." సాయంత్రం అడిగినా పదీ పదే. ఆ మనిషి నిజం గడియారం ఎన్నడూ పెట్టుకోలేదు. నా జీతంతో ఆ చోట ఒక నిజం గడియారం పెట్టాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

గడియారం వచ్చిన రోజు నేనే బాపు చేతికి కట్టాను. సరిగ్గా పచ్చబొట్టు డయలు మీద ఈ డయలు కూర్చుంది. లైటు వెలిగింది. అద్దం మీద కాసేపు అడ్డగీతలు కనిపించి, తర్వాత డెబ్బై నాలుగు వచ్చింది.

"గడియారం మీద గడియారం" అన్నది అమ్మ. "రెండు పెట్టుకున్నా ఈయన బువ్వ టైముకు ఇంటికి రాడు."

ఇగ ఆ రోజు నుంచి మా ఇంట్లో అంకెల్లోనే మాట్లాడుకున్నాం. పొద్దున అయిదున్నరకు బాపు రోడ్డు సైకిల్ మీద, నేను వెనక స్కూటీ మీద. సర్వీస్ రోడ్డు వెంట పది కిలోమీటర్లు పోయి, ఎత్తు ఎక్కి, తిరిగి రావడం. నేను పక్కకు వచ్చి "బాపూ, ఎంత?" అని అరుస్తాను. ఆయన చెయ్యి తిప్పి చూసి "తొంభై ఆరు!" అంటాడు. ఇంకాసేపటికి "నూట నాలుగు!" ఇంటికి రాగానే అమ్మ చేతిలో చాయ్ ఉంటుంది, కాని ఇవ్వదు. "ఎంత?" అంటుంది నాతో. నేను చెప్పాక గ్లాసు బాపు చేతికి వస్తుంది.

పడుకునే ముందు నోట్‌బుక్కులో తేదీ, దూరం, అంకె రాసేవాడిని. నూట పది ఎన్నడూ దాటలేదు. యాభై ఆరేళ్ల మనిషి ఎత్తెక్కుతూ నూట ఆరు. ఒకరోజు ఆ గడియారమే కట్టుకుని నేను తొక్కి ఎక్కితే నాకే నూట యాభై. ఈ తేడా నాకు అనుమానం తేవాల్సింది. గర్వం తెచ్చింది. పద్దెనిమిదేళ్ల పాల సైకిల్ తయారు చేసిన గుండె అనుకున్నాను. ఆఫీసులో నరేందర్‌కు చూపించాను కూడా. "మీ బాపుది గుండె గాదు రా, డీజిల్ ఇంజన్" అన్నాడు.

డిసెంబర్ సగానికి అమ్మ నెమ్మదించింది. ఒకరోజు బాపు సైకిల్‌ను కొంగుతో తుడుస్తుంటే చూశాను. నన్ను చూసి ఆపేసింది.

నాకు మాత్రం లోపల ఏదో గీరుతూనే ఉంది. ఏమిటో చెప్పలేకపోయేవాడిని. కార్గో షెడ్డులో పెట్టెల నంబర్లు సరిచూస్తూ మధ్య మధ్య బాపుకు ఫోన్ చేసేవాడిని. "ఏం జేస్తున్నవ్?" "చెట్లకు నీళ్లు వెడ్తున్న. ఏంది పరేషాన్?" "ఏం లేదు."

ఒకటి గమనించాను. ఎత్తు పైకి చేరగానే బాపు ఆగుతున్నాడు. ఒక కాలు నేలకు ఆనించి, తల పైకెత్తి నిలబడుతున్నాడు.

"ఏంది బాపూ?"

"ఇమానం జూస్తున్న. ఎంత కిందికొచ్చింది సూడు."

నిజంగానే ఒక విమానం చక్రాలు దించుకుని పోతూ ఉంటుంది. సరే అనుకున్నాను. రెండో రోజూ విమానమే. మూడో రోజూ అదే. విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో ఎవరూ తలెత్తి విమానం చూడరు. మోత వస్తే మాట ఆపుతాం, పోయాక అందుకుంటాం, అంతే. బాపు అయితే మాట కూడా ఆపడు. అట్లాంటి మనిషి రోజూ ఎత్తు మీద నిలబడి విమానాలు చూస్తున్నాడు.

గడియారం చూశాను. తొంభై ఎనిమిది. నోట్‌బుక్కులో రాసుకున్నాను.

జనవరి ఎనిమిదో తారీఖు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సింది మర్నాడే. ఆ పొద్దున మంచు ఎంత పట్టిందంటే స్కూటీ లైటు వేస్తే ముందు తెల్ల గోడ తప్ప ఏమీ కనిపించలేదు. విమానాలు ఆలస్యమని రాత్రే ఆఫీసు గ్రూపులో వచ్చింది. ఇయ్యాల వద్దు బాపూ అన్నాను. ఆఖరి రోజు గదా, లెక్క పూర్తి చేద్దామన్నాడు.

ఎత్తు పైన నేను చేరేసరికి బాపు సైకిల్ దిగి, రోడ్డు పక్క రెయిలింగ్ పట్టుకుని ఉన్నాడు. తల పైకెత్తి.

"ఏంది బాపూ?"

"ఇమానం."

పైన ఏమీ లేదు. మంచు. మోత కూడా లేదు.

దగ్గరికి పోయి ముఖం చూశాను. ఆ చలిలో చెమట కణతల నుంచి గడ్డం దాకా కారుతోంది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. చెయ్యి తిప్పి గడియారం చూశాను. తొంభై నాలుగు.

ఎందుకు తోచిందో తెలియదు, రెండు వేళ్లు ఆయన మెడ పక్కన పెట్టాను. బడిలో సైన్స్ సారు నేర్పించిన తీరులోనే. ఫోన్‌లో పదిహేను సెకన్లు చూశాను. నలభై మూడు లెక్కకొచ్చాయి. తప్పు లెక్కపెట్టానని మళ్లీ పెట్టాను. నలభై రెండు. నాలుగుతో గుణిస్తే నూట డెబ్బై దగ్గర.

గడియారం విప్పి నా చేతికి కట్టుకున్నాను. నూట పన్నెండు. నా మెడ మీద వేళ్లు పెట్టి చూసుకున్నాను. సరిగ్గానే ఉంది. విప్పి బాపు కుడి చేతికి కట్టాను. లైటు వెలిగింది, అడ్డగీతలు కనిపించాయి. నూట అరవై ఆరు.

ఎడమ మణికట్టు మీద ముద్ద పచ్చ డయలు. పదీ పది.

బస్సులో కూర్చుని చదివిన ఆ వాక్యం అప్పుడు నా కళ్ల ముందుకు వచ్చింది. ఎవరో రాశారు: చర్మం మీద టాటూ ఉంటే లైటు లోపలికి పోదు, అంకె తప్పు చూపిస్తుంది. చదివాను. చదివి, క్రికెట్ ఆడేవాళ్ల చేతులు, సినిమా వాళ్ల భుజాలు గుర్తు తెచ్చుకున్నాను. మా ఇంట్లో టాటూలు ఎవరికున్నాయి అనుకుని కిందికి జరిపాను. మా నాయనమ్మ చేతుల నిండా, మా అమ్మ గడ్డం మీద, మా బాపు మణికట్టు మీద ఉన్నవి నాకు టాటూలు కావు. అవి పచ్చబొట్లు.

"ఏమైంది?" అన్నాడు బాపు.

"ఏం లేదు బాపూ. కూసో."

"తొంభై నాలుగే గదా?"

"కూసో బాపూ."

రెయిలింగ్‌కు ఆనుకుని కూర్చున్నాడు. నేను షుజాత్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన దుకాణం సామాన్లు తెచ్చే వ్యాన్ వేసుకుని వస్తానన్నాడు. ఆ పావుగంట మేమిద్దరం మంచులో కూర్చున్నాం. నా వేళ్లు ఆయన మెడ మీద నుంచి తీయలేదు.

"నొస్తున్నదా?"

"నొప్పి గాదు. దీపావళి అయినకాడి సంది ఛాతీల పట్టినట్టయితాంది. ఎత్తు మీద. ఆగితే పోతది."

"చెప్పలేదేంది మరి?"

 బాపు కుడిచేతికి ఉన్న ఆ గడియారాన్ని ఎడమ చేతి వేలితో ముట్టుకున్నాడు.

"ఇది మంచిగుంది అంటాంది గద బిడ్డా. నా ఛాతీకేం దెలుసు? నువ్వు సదివి, అన్ని జూసి తెచ్చినవు. ఇదే నిజమేమో, నాకే ఉత్తగ అనిపిస్తున్నదేమో అనుకున్న."

  వ్యాన్ లైట్లు మంచులో పసుపుగా కనిపించేదాకా నలభై ఒకటి, నలభై, ముప్పై ఎనిమిది అని లెక్కపెడుతూనే ఉన్నాను.

షుజాత్ భాయ్ వచ్చి బాపును లేపి వ్యాన్‌లో కూర్చోబెట్టాడు. సైకిల్‌ను వెనక వేశాడు. నేను బాపు కుడి చేతి గడియారం, ఎడమ చేతి పచ్చబొట్టు చూపించాను. ఆయన రెండూ చూశాడు. బెల్టు సంగతి ఎత్తలేదు. "బైఠో" అని నాకు సీటు చూపించాడు, అంతే. దారంతా మైలార్‌దేవ్‌పల్లి ట్రాఫిక్‌ను తిట్టాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ కష్టమైంది.

గుండెకు పోయే మూడు పెద్ద రక్తనాళాల్లో రెండు పూడుకుపోతున్నాయని సిటీ దవాఖానలో చెప్పారు. అందులో ఒకటి దాదాపు పూర్తిగా మూసుకుపోయింది. ఆ సాయంత్రమే రెండు స్టెంట్లు వేశారు. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని నా నోట్‌బుక్కు అడిగింది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. ఒక్కో పేజీ తిప్పింది. తొంభై ఆరు, నూట నాలుగు, తొంభై ఎనిమిది.

"ఇవన్నీ అబద్ధమేనా?" అంది.

"అవునమ్మా."

"నేను వీటిని జూసే చాయ్ ఇచ్చిన గదరా" అంది. పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది.

వారం తర్వాత మాధవీలత గారి దగ్గరికి నేనొక్కడినే వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె నోట్‌బుక్కు మొత్తం చూసి పక్కన పెట్టారు. "నేను కూడా ఆయన చేతులు చూడలేదండీ" అన్నారు. "ఈసీజీ తీసేటప్పుడు అక్కడే క్లిప్పు పెట్టించాను. కళ్ల ముందే ఉంది." కాసేపటికి, "దీన్ని నమ్మి సంతకం పెట్టి ఉండేదాన్ని" అన్నారు.

రైడ్ జనవరి చివరి ఆదివారం జరిగింది. పొద్దున ఆరింటికి ఆ గుంపు మా ఊరి మలుపు నుంచి పోతుందని తెలిసి బాపు శాలువా కప్పుకుని రోడ్డు మీదికి వచ్చాడు. అమ్మ వెనకే వచ్చింది, చెయ్యి పట్టుకోకుండా, పట్టుకునేంత దగ్గరగా. ఎర్ర లైట్లు ఒక్కొక్కటే దాటిపోయాయి. షుజాత్ భాయ్ ఆగాడు. చొక్కా పైకెత్తి, ఛాతీ మీది ఆ పాత బెల్టు విప్పి బాపు చేతిలో పెట్టాడు.

"నీది నీకే గావాలె గద భాయ్, రెండు వందల కిలోమీటర్లు?" అన్నాడు బాపు.

"నా గుండెకేమైతది అన్నా, ఖాలీ ఉన్నది" అని నవ్వి తొక్కుకుంటూ పోయాడు.

పోయేదాకా చూసి, బాపు ఆ బెల్టును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాసనొస్తాంది" అన్నాడు. అమ్మ తీసుకుని నీళ్లలో నానబెట్టింది.

ఇప్పుడు బాపు దినామూ ఊళ్లోనే, చదునుగా ఉన్న దారిలో నాలుగు కిలోమీటర్లు పాత సైకిల్ తొక్కుతాడు. బెల్టు కడతాడు. అది చూపించే అంకె నా ఫోన్‌లోకి వస్తుంది. అయినా ఇంటికి రాగానే నేను ఆయన మెడ మీద వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెడతాను. ఆయన కళ్లు మూసుకుని ఓపిగ్గా నిలబడతాడు. "ఎంత?" అంటాడు. నేను చెప్తాను. ఒక్కోసారి చెప్పాక కూడా వేళ్లు తీయను.

పద్దెనిమిది వందల గడియారం నా చేతికే ఉంది. అది చెడ్డది కాదు. నాకు సరిగ్గానే చెప్తుంది.

మీరు కూడా మీ నాయనకో, అమ్మకో ఇట్లాంటిది కొనాలని ఫోన్‌లో అభిప్రాయాలు చదువుతూ ఉండవచ్చు. చదవండి. కాని కొనే ముందు ఒకసారి లేచి వెళ్లి వాళ్ల చెయ్యి పట్టుకుని, చొక్కా చెయ్యి పైకి జరిపి చూడండి. ఎప్పుడైనా ఆయాసం వస్తున్నదా అని అడిగి, జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడండి. అప్పుడు ఎత్తు మీద విమానం లేని ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డ తొండుపల్లి కుర్మయ్యను, మా బాపును, ఒక్కసారి యాది చేసుకోండి.